హెచ్చరిక ఎక్కడ తెగుతోంది? తిరుపతి, చిత్తూరు వానల్లో ఫోను నుంచి గుడి మైకు దాకా

క్లుప్తంగా: ఈ ప్రాంతంలో వాన సంగతి ముందే తెలుస్తోంది. ఆ కబురు చెరువు కట్ట కింది ఇంటికి చేరే దారే బలహీనంగా ఉంది. ఎస్సెమ్మెస్, వాట్సాప్, ఫోన్ కాల్ వేర్వేరుగా కనిపించినా ఒకే కరెంటు, ఒకే ఫైబర్, ఒకే రోడ్డు మీద ఆధారపడి నడుస్తాయి. సెల్ బ్రాడ్‌కాస్ట్ (టవర్ తన పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి వదిలే సందేశం) వల్ల నెట్‌వర్క్ రద్దీ బాధ తప్పుతుంది కానీ, టవరే ఆగిపోతే అదీ పనిచేయదు. బ్యాటరీ మైకు, చేతి రేడియో లాంటి పాత పద్ధతుల అవసరం అక్కడే వస్తుంది.

ఈశాన్య రుతుపవనాల కాలం వచ్చిందంటే తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఫోన్లకు హెచ్చరికలు మొదలవుతాయి. పిడుగులు పడతాయని మండలం పేరుతో ఎస్సెమ్మెస్ వస్తుంది. చూసేసరికి ఒక్కోసారి వాన వెలిసి ఉంటుంది. మరోసారి సైరన్ లాంటి మోతతో తెర నిండా సందేశం కనిపిస్తుంది. అదే వీధిలో పక్కింటి ఫోను మాత్రం ఉలకదు పలకదు. ఈలోగా ఫలానా చెరువు తెగిందంటూ వాట్సాప్‌లో ఎప్పటిదో వీడియో తిరుగుతుంది. వీటిలో ఏది ఎలా వస్తుంది, ఏది ఎందుకు ఆలస్యమవుతుంది, అసలు వరద రోజున ఏది మిగులుతుంది అన్నవి వేర్వేరు ప్రశ్నలు. మూడింటినీ కలిపేయడం వల్లే అయోమయం.

గోదావరికి ఒక రోజు, స్వర్ణముఖికి కొన్ని గంటలు

ముందస్తు సమాచారానికి ఇక్కడ పెద్ద కొరత లేదు. శ్రీహరికోటలో డాప్లర్ వాతావరణ రాడార్ ఉంది, చెన్నైలో వాతావరణ శాఖ రాడార్ ఉంది, పాకాల దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. మేఘాలను కనిపెట్టి చూసే ఇన్‌శాట్-3డీఎస్ ఉపగ్రహం 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచే పైకెళ్లింది. అదే ప్రాంతంలో ఒక చెరువు మొరవ (అలుగు) మీద నీరు ఎంత మందాన పోతోందో తెలియాలంటే మాత్రం చాలాచోట్ల అర్ధరాత్రి ఒక మనిషి టార్చిలైటు పట్టుకుని కట్టెక్కాల్సిందే.

ఇబ్బంది కాలంతోనే. భద్రాచలం దగ్గర గోదావరి మట్టాన్ని చూసి ధవళేశ్వరం దగ్గర సిద్ధం కావడానికి దాదాపు ఒక రోజు దొరుకుతుంది. స్వర్ణముఖి అంత పెద్దది కాదు. చంద్రగిరి వైపు నుంచి శ్రీకాళహస్తి దాకా సుమారు 50 కి.మీ. అనుకుంటే, సెకనుకు 2 మీటర్ల వేగంతో సాగే వరద 7 గంటల్లో చేరుతుంది. వేగం 3 మీటర్లయితే నాలుగున్నర గంటలే. శేషాచలం వాలు నుంచి కపిలతీర్థం మీదుగా నేరుగా తిరుపతి వీధుల్లోకి దిగే నీటికి అంత వ్యవధి కూడా ఉండదు.

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మి.మీ. దాకా పడితే భారీ వాన, 204.4 మి.మీ. వరకు అతి భారీ, ఆపైన అత్యంత భారీ. ఈ అంకె రోజు మొత్తానిది. చెరువుకు ముఖ్యం అది ఎన్ని గంటల్లో పడిందన్నది. ఒక చెరువు పరీవాహకం 10 చదరపు కి.మీ. అనుకుందాం. 100 మి.మీ. వాన అంటే 10 లక్షల ఘనపు మీటర్ల నీరు. సగం నేలలో ఇంకినా 5 లక్షలు చెరువుకు వస్తాయి. అది రోజంతా నెమ్మదిగా వస్తే 200 క్యూసెక్కులు. మొరవ ఆ నీటిని తేలిగ్గా వదిలేస్తుంది. అదే నీరు 3 గంటల్లో దూకితే 1,600 క్యూసెక్కులు దాటుతుంది. మొరవ అంత నీరు తీసుకోలేకపోతే నీళ్లు కట్ట మీదికెక్కుతాయి. రెండు సందర్భాల్లోనూ ఫోనుకు వచ్చే హెచ్చరిక ఒక్కటే: భారీ వర్షం.

పైగా ఇక్కడి చెరువులు గొలుసుకట్టు. పై చెరువుకు గండి పడితే కింది చెరువుకు తన వాటా నీటితో పాటు పైదాని నీరూ ఒక్కసారే వచ్చి పడుతుంది. ఆ గండి గురించి రాడార్‌కు తెలియదు.

2021 నవంబరులో ఇదంతా కొద్ది రోజుల వ్యవధిలోనే కనిపించింది. బంగాళాఖాతంలోని వాయుగుండం 19వ తేదీ తెల్లవారుజామున చెన్నై దగ్గర తీరం దాటింది. ఆ గంటల్లోనే తిరుపతి వీధులు మునిగాయి, తిరుమల ఘాట్ రోడ్ల మీద కొండచరియలు పడి రాకపోకలు ఆగిపోయాయి. అప్పటి కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట 19 ఉదయమే కొట్టుకుపోయింది. ఆ తర్వాత రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు ఊట కనిపించడంతో దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. వాయుగుండం వస్తోందన్న హెచ్చరిక అందరికీ ఒకటే. రాయలచెరువు దగ్గర కట్ట నిలబడి ఉండగానే ప్రమాదం కంటపడింది, జనాన్ని తరలించే వ్యవధి దొరికింది. చెయ్యేరు ఒడ్డున ఆ వ్యవధి లేదు.

ఎస్సెమ్మెస్ వేరు, సెల్ బ్రాడ్‌కాస్ట్ వేరు

రెండూ ఫోను తెర మీదే కనిపిస్తాయి కాబట్టి ఒకటే అనిపిస్తుంది. లోపల జరిగే పని పూర్తిగా వేరు.

ఎస్సెమ్మెస్ ఒక్కో నంబరుకు ఒక్కొక్కటిగా వెళ్తుంది. పంపేవారి దగ్గర నంబర్ల జాబితా ఉండాలి, కంపెనీ సర్వర్ వాటిని వరుసలో పెట్టాలి, ప్రతి ఫోను ఏ టవర్ కింద ఉందో వెతికి అందించాలి. సర్వర్ సెకనుకు వెయ్యి సందేశాలు పంపగలదనుకుంటే 10 లక్షల నంబర్లకు దాదాపు 17 నిమిషాలు పడుతుంది. ఒక్కో హెచ్చరిక మూడు ముక్కలుగా వెళ్తే 50 నిమిషాలు. అరగంటలో పడే పిడుగుకు ఇది ఏమూలకూ చాలదు.

ముక్కలు కావడానికి కారణం లిపి. ఇంగ్లిష్ అక్షరాలతో ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి. తెలుగులో 70 మాత్రమే. దాంట్లోనూ గుణింతం గుర్తు, పొల్లు, వత్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ‘స్వర్ణముఖి’ చూడటానికి నాలుగు అక్షరాలే, ఎస్సెమ్మెస్ లెక్కలో పది. సందేశం 70 దాటితే ఒక్కో ముక్కకు 67 మాత్రమే మిగులుతాయి. నెట్‌వర్క్ బలహీనంగా ఉన్నప్పుడు ఒక ముక్క రాకపోతే మిగతాది అర్థం కాదు, కొన్ని ఫోన్లలో కనిపించదు కూడా. హెచ్చరిక రాసేవారు శాఖ పేరు, హోదా, గౌరవ వాచకాలతో మొదలుపెడితే అసలు విషయం రెండో ముక్కలోకి జారిపోతుంది. ‘పెద్దచెరువు కట్టకు ఊట. దిగువ ఊళ్లు రాత్రి 8లోగా హైస్కూలుకు రండి.’ ఇది ఈ లెక్కన 64. ఎక్కడ, ఏమిటి, ఎవరు, ఎప్పటికి, ఎక్కడికి అన్నీ ఒకే ముక్కలో వచ్చేశాయి.

సెల్ బ్రాడ్‌కాస్ట్‌లో నంబరుతో పని లేదు. ఎంచుకున్న ప్రాంతంలోని ప్రతి టవర్ ఒకే సందేశాన్ని రేడియో స్టేషన్ మాదిరిగా గాలిలోకి వదులుతుంది. దాని కింద పది ఫోన్లున్నా పదివేలున్నా భారం ఒకటే. కాల్స్‌తో నెట్‌వర్క్ కిక్కిరిసిపోయినా ఇది ఆగదు. సందేశాన్ని మళ్లీ మళ్లీ ప్రసారం చేయవచ్చు కాబట్టి అప్పుడే ఊళ్లోకి వచ్చిన బస్సులోని ప్రయాణికుల ఫోన్లూ మోగుతాయి. తెలుగులో సుమారు 600 గుర్తుల దాకా పడుతుంది. దేశంలో దీన్ని ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ తయారు చేసింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘సచేత్’ వేదికతో కలిపి 2023 ద్వితీయార్ధంలో రాష్ట్రాలవారీగా పరీక్షించారు. అప్పట్లో పెద్ద మోతతో వచ్చిన ‘నమూనా సందేశం’ చాలామందిని కంగారు పెట్టింది.

ఇందులోనూ రెండు లోపాలున్నాయి. ఎవరికి చేరిందో పంపినవారికి తెలియదు, రసీదు రాదు. రెండోది, ఫోను వైపు సెట్టింగ్ ఆపేసి ఉంటే మోగదు. పక్కింటి ఫోను మౌనానికి మామూలుగా ఇదే కారణం, లేదా ఆ ఫోను పాతది కావడం, ఆ క్షణంలో సిగ్నల్ లేకపోవడం. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి ‘సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ’లో ‘వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్’ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. కొన్ని కంపెనీల ఫోన్లలో పేరు కాస్త మారుతుంది, సెట్టింగ్స్‌లోని వెతుకు పెట్టెలో ఆ మాట కొడితే దొరుకుతుంది. ఐఫోన్‌లో ‘నోటిఫికేషన్స్’ పేజీ అడుగున ఉంటుంది. టెస్ట్ అలర్ట్‌లతో విసిగి ఆఫ్ చేసి, తిరిగి ఆన్ చేయడం మరచినవారే ఎక్కువగా చిక్కుకుంటారు.

పిడుగుల విషయంలో ‘దామిని’ యాప్ వేరే దారిలో నడుస్తుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ సెన్సర్లు పట్టిన మెరుపుల ఆధారంగా, ఫోను ఉన్న చోటికి 20, 40 కి.మీ. పరిధిలో ఏం జరుగుతోందో చూపుతుంది. దానికి డేటా, లొకేషన్ రెండూ ఉండాలి. మామిడి తోటలో కాపలా ఉండే మనిషి చేతిలో కీప్యాడ్ ఫోను ఉంటే ఆ యాప్ వల్ల లాభం లేదు.

టవర్ ఎందుకు మూగబోతుంది

పైన చెప్పినవన్నీ టవర్ పనిచేస్తున్నంత సేపే. టవర్ గాలికి కూలిపోవడం అరుదు. కరెంటు లేకనో, వెనకాల ఉన్న లైను తెగో ఆగిపోవడమే ఎక్కువ.

టవర్ పరికరాలు 48 వోల్టుల డీసీ కరెంటుతో నడుస్తాయి. 600 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటే నిల్వ దాదాపు 28.8 యూనిట్లు. పూర్తిగా ఖాళీ చేస్తే బ్యాటరీ పాడవుతుంది, 80 శాతమే వాడుకోవాలి. మూడు కిలోవాట్ల లోడు ఉన్న టవర్‌కు అది ఏడున్నర గంటలు వస్తుంది. అదీ కొత్త బ్యాటరీ అయితే. రోజూ కరెంటు కోతలతో నలిగిన పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ అందులో సగం కూడా లాగకపోవచ్చు. ఆ తర్వాత డీజిల్ జనరేటర్ గంటకు రెండు లీటర్ల చొప్పున తాగినా 100 లీటర్లతో రెండు రోజులు నెట్టుకురావచ్చు. అయితే డీజిల్ తెచ్చే వ్యాన్‌కు రోడ్డుండాలి. వాగు మీద కాజ్‌వే మునిగితే లెక్క అక్కడితో ఆగిపోతుంది.

కరెంటున్నా లైను తెగవచ్చు. ఫైబర్ కేబుల్‌ను మామూలుగా రోడ్డు అంచునే పాతుతారు, వాగుల దగ్గర వంతెనకు పైపు కట్టి దాటిస్తారు. వరద ఆ వంతెనను తీసుకుపోతే దాని మీది రోడ్డు, పక్కన కట్టిన ఫైబర్, కొన్నిచోట్ల కరెంటు లైను కలిసే పోతాయి. కొండ ప్రాంతాల్లో ఒక టవర్ నుంచి మరో టవర్‌కు మైక్రోవేవ్ డిష్‌లతో సిగ్నల్ అందిస్తారు. అలాంటి గొలుసులో మధ్య టవర్ ఆగితే దాని వెనకున్న నాలుగైదు టవర్లు కరెంటు ఉండీ పనికిరావు. ఫోనులో గీతలు నిండుగా కనిపిస్తూనే కాల్ కలవకపోవడం ఈ స్థితికి గుర్తు.

కలెక్టరేట్ కంట్రోల్ రూములో ‘మా దగ్గర ఆరు మార్గాలున్నాయి’ అని లెక్కపెట్టుకోవడంలో ఇందుకే అర్థం లేదు. ఎస్సెమ్మెస్, వాట్సాప్, కాల్, సెల్ బ్రాడ్‌కాస్ట్, ఇంటర్నెట్ సైరన్, యాప్, ఇవన్నీ చివరికి ఒకే టవర్‌కు, ఒకే కేబుల్‌కు చేరితే విపత్తు వేళ ఆరు మార్గాలూ ఒకటే మార్గం. లెక్కపెట్టాల్సింది వేర్వేరు కారణాలతో మాత్రమే చెడిపోయే మార్గాలను.

పాత రాగి తీగ ల్యాండ్‌లైన్‌లో ఒక సుగుణం ఉండేది. ఫోనుకు కావలసిన కరెంటు ఎక్స్ఛేంజీ బ్యాటరీ నుంచి తీగలోనే వచ్చేది కాబట్టి ఇంట్లో కరెంటు పోయినా మోగేది. ఇప్పుడు ఇళ్లకు, ఆఫీసులకు వచ్చిన ఫైబర్ కనెక్షన్ వేగంలో దానికి వందల రెట్లు మేలు. కానీ గోడకున్న మోడెమ్‌కు ఇంటి కరెంటే దిక్కు. సాంకేతికత ముందుకు పోతున్నప్పుడు తట్టుకునే శక్తి కూడా పెరుగుతుందన్న గ్యారంటీ లేదని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు. ఒక చిన్న ఇన్వర్టరుతో తీరే లోపమే ఇది, ఎవరైనా గుర్తిస్తే.

ప్రభుత్వం వైపు నుంచి ఉన్న ఉపశమనాల్లో ముఖ్యమైనది ఇంట్రా సర్కిల్ రోమింగ్. తుపాను వేళ టెలికాం శాఖ దీన్ని అనుమతిస్తే ఒక కంపెనీ సిమ్ పనిచేస్తున్న మరో కంపెనీ టవర్ మీదికి మారుతుంది. ఆటోమేటిక్‌గా మారకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకోవాలి. అది తెలియక ‘సిగ్నల్ లేదు’ అని వదిలేసేవారు చాలామంది. 112కు కాల్ మాత్రం ఈ అనుమతితో నిమిత్తం లేకుండా అందుబాటులో ఉన్న ఏ టవర్ నుంచైనా వెళ్తుంది. జిల్లా కంట్రోల్ రూము 1077, రాష్ట్రానిది 1070.

తిరుమల: చేతిలో ఫోను లేని జనం

తిరుమల కొండకు రోజూ 60 వేలకు పైగా జనం వస్తారు. వారిలో తమిళనాడు, కర్ణాటక, ఉత్తరాది నంబర్లవారు బోలెడంత మంది. జిల్లావాసుల నంబర్ల జాబితాతో పంపే ఎస్సెమ్మెస్ వారికి రాదు, వచ్చినా తెలుగు చదవలేరు. టవర్ పరిధిని బట్టి వెళ్లే సెల్ బ్రాడ్‌కాస్ట్ ఇక్కడ మెరుగు. ఒకే హెచ్చరికను తెలుగు, తమిళం, కన్నడం, హిందీలో వరుసగా పంపవచ్చు.

అయినా పెద్ద చిక్కు ఒకటి మిగిలే ఉంటుంది. దర్శనానికి వెళ్లేవారు ఫోన్లను డిపాజిట్ చేసి క్యూలోకి వెళ్తారు. కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి కూర్చున్న వేల మందికి ఫోను హెచ్చరిక అందే దారే లేదు. బయట ఉన్న కుటుంబ సభ్యుల ఫోన్లు మోగుతాయి, లోపలివారికి ఏమీ తెలియదు. ఆ స్థితిలో సమాచారం కంటే భయమే ముందు పాకుతుంది. దేవస్థానం నడిపే మైకు వ్యవస్థ, పలు భాషల్లో ప్రకటనలు చేసే అలవాటు ఇక్కడ ఏ యాప్ కంటే విలువైనవి. మైకు ఆంప్లిఫయర్‌కు ప్రత్యేక బ్యాటరీ ఉందా, ఘాట్ రోడ్డు మూసివేత ప్రకటన నాలుగు భాషల్లో ముందే రికార్డు చేసి పెట్టారా అన్నవే తేల్చుకోవాల్సినవి.

నడకదారుల సంగతి ఇంకోటి. 2021 వరదలో శ్రీవారి మెట్టు మార్గం దెబ్బతిని నెలల తరబడి మూతపడింది. లోయల్లోకి టవర్ సిగ్నల్ నేరుగా పడదు కాబట్టి మెట్ల దారిలో ఫోను ఒక మలుపులో పలికి, మరో మలుపులో చచ్చిపోతుంది. అక్కడ దారి పొడవునా హారన్ స్పీకర్లు, వాకీటాకీ ఉన్న సిబ్బంది తప్ప ప్రత్యామ్నాయం లేదు.

అదే కొండ రేడియోకు వరం. వీహెచ్‌ఎఫ్ (వాకీటాకీలు వాడే) తరంగాలు దాదాపు చూపు మేరకే పోతాయి. పరిధిని అంచనా వేసే సూత్రం తేలిక: యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. కింది మైదానం కంటే తిరుమల సుమారు 700 మీటర్లు ఎత్తు అనుకుంటే లెక్క 109 కి.మీ. దాకా పోతుంది. కొండ అంచున పెట్టిన ఒక రిపీటరు (సంకేతాన్ని అందుకుని తిరిగి ప్రసారం చేసే పరికరం) తూర్పున సూళ్లూరుపేట తీరం వైపు చక్కగా చూస్తుందన్నమాట. పడమర, దక్షిణ దిక్కుల్లో చిత్తూరు వైపు మధ్యలో గుట్టలు అడ్డొస్తాయి, లెక్క అంత దూరం నిజం కాదు.

గుట్టల చాటు ఊళ్లకు హామ్ రేడియో (లైసెన్సుతో నడిపే అభిరుచి రేడియో) వాడేవారు మరో ఉపాయం చేస్తారు. 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కు సుమారు 20 మీటర్ల తీగను నేలకు నాలుగైదు మీటర్ల ఎత్తులోనే కడతారు. తరంగం నిటారుగా పైకెళ్లి వాతావరణపు పై పొర అయిన అయనావరణాన్ని తాకి, గొడుగులా చుట్టూ రెండు మూడు వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. కొండ అడ్డు రాదు. కారు బ్యాటరీ చాలు. కాకపోతే హామ్ లైసెన్సుకు పరీక్ష రాయాలి, వరద వచ్చాక నేర్చుకునే విద్య కాదు. రాత్రిపూట ఆ బ్యాండ్ దగ్గరి దూరాలకు సరిగా పనిచేయదన్నదీ గుర్తుంచుకోవాలి.

సముద్రం వైపు కథ కొంచెం వేరు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాకు తీరం కూడా వచ్చింది. తీరం నుంచి పది, పన్నెండు కి.మీ. దాటితే ఫోను పనిచేయడం కష్టం కాబట్టి మత్స్యకారుల కోసం 2019లో జెమిని అనే పరికరం తెచ్చారు. గగన్ ఉపగ్రహ సంకేతాన్ని అందుకుని బ్లూటూత్‌తో ఫోనుకు చూపిస్తుంది. హెచ్చరిక వస్తుంది, పడవ నుంచి జవాబు మాత్రం పోదు.

కట్ట మీది నుంచి ఊళ్లోకి

చెరువు తెగే ముందు చెప్పే తెగుతుంది, చాలాసార్లు. కట్ట వెనక వాలులో ఊట కనిపించడం ఒక్కటే ప్రమాదం కాదు. పాత మట్టికట్టలు కొంత ఊరుతూనే ఉంటాయి. చూడాల్సింది రంగు. తేట నీరైతే నీరు మాత్రమే వస్తోంది. బురద రంగుకు మారితే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందని, బుంగ పెద్దదవుతోందని అర్థం. అప్పటి నుంచి మిగిలిన కాలం గంటల్లో ఉండవచ్చు, నిమిషాల్లోనూ ఉండవచ్చు. కట్టపై వచ్చే పగుళ్లు, మొరవ మీద నీటి మందం గంట గంటకూ పెరగడం, తూము పక్కన మట్టి కుంగడం మిగతా గుర్తులు.

ఈ సంగతి మొదట చూసే మనిషి చెరువు కాపలా చూసే లస్కరో, కట్ట కింది రైతో. ఇప్పుడు ఆ కబురు ఇంజినీరుకు, ఆయన పై అధికారికి, అక్కడి నుంచి జిల్లా కేంద్రానికి, అవసరమైతే తాడేపల్లిలోని రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థకు పోతుంది. అక్కడ ప్రాంతం గీసి, వాక్యం రాసి, అనుమతి తీసుకుని పంపితే తిరిగి అదే ఊరి టవర్‌కు వస్తుంది. తుపానుకు ఈ పద్ధతి సరైనదే, రెండు మూడు రోజులుంటాయి కాబట్టి. కిలోమీటరు దూరంలో ఉన్న వీధికి కట్ట మీది కబురు ఇలా రాష్ట్రమంతా తిరిగి రావడం అర్థం లేని పని. ఊట బురద రంగుకు మారిందని ఇద్దరు చూసి చెబితే గ్రామ సచివాలయ కార్యదర్శి వెంటనే మైకులో ప్రకటించవచ్చు, పైవారికి ఆ తర్వాత చెప్పవచ్చు అని ముందే రాతపూర్వకంగా ఉంటే అసలు ఆలస్యం అక్కడే తగ్గుతుంది. దీనికి ఖర్చు లేదు. సంకోచం మాత్రమే అడ్డు: ప్రకటించి ఏమీ కాకపోతే ఎవరు మాట పడాలన్నది.

కట్టకూ సచివాలయానికీ మధ్య చేతి రేడియో సరిపోతుంది. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే అర వాటు సెట్లకు దేశంలో లైసెన్సు అక్కర్లేదు. చెట్లు, ఇళ్ల మధ్య ఒక కిలోమీటరు, కట్ట లాంటి ఎత్తు నుంచి రెండు మూడు కిలోమీటర్లు పలుకుతాయి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే చాలా సెట్లు ఈ పరిధి దాటి, ఎక్కువ శక్తితో పనిచేస్తాయి. వాటికి లైసెన్సు తప్పనిసరి. కొనే ముందు పెట్టె మీది ఫ్రీక్వెన్సీ, పరికర అనుమతి గుర్తు చూడాలి.

నీటిమట్టం సెన్సర్లు పెట్టాలన్న ఆలోచన మంచిదే. మొరవ దగ్గర స్తంభానికి రాడార్ లేదా అల్ట్రాసోనిక్ సెన్సర్, సోలార్ పలక, చిన్న బ్యాటరీ, సమాచారం పంపే మోడెమ్. అయితే ఇవి వరదలో కంటే మామూలు రోజుల్లోనే ఎక్కువగా చెడిపోతాయి. సాలీడు గూడు కడితే అల్ట్రాసోనిక్ తప్పుడు మట్టం చూపుతుంది. గుర్రపుడెక్క తేలివచ్చి కింద చేరినా అంతే. సిమ్ రీచార్జి గడువు తీరిపోవడం మరీ మామూలు. సెన్సర్ కొనే పద్దు ఉంటుంది, నెలనెలా రీచార్జి చేసే పద్దు ఉండదు. 865–867 మెగాహెర్ట్జ్ లోరా రేడియోతో (తక్కువ శక్తితో దూరం పంపే పద్ధతి) సమాచారాన్ని ఊరి సచివాలయానికే నేరుగా పంపితే సిమ్ బెడద తప్పుతుంది.

ఇక మైకు. గుడి మైకు, మసీదు మైకు, పంచాయతీ ఆటో మీది మైకు ఏదైనా సరే, ప్రశ్న కరెంటు లేనప్పుడు ఎంతసేపన్నదే. 12 వోల్టుల 100 వాట్ల ఆంప్లిఫయర్ పూర్తి గొంతుతో మాట్లాడితే సుమారు 12 ఆంపియర్లు లాగుతుంది. పావుగంటకోసారి రెండు నిమిషాలు ప్రకటిస్తే గంటకు ఎనిమిది నిమిషాలే. ఖాళీగా ఉన్నప్పటి వాడకం కలిపినా గంటకు 2 ఆంపియర్ అవర్ మించదు. 100 ఆంపియర్ అవర్ ట్రాక్టర్ బ్యాటరీలో సగమే వాడుకున్నా ఒక రోజంతా వస్తుంది. హారన్ శబ్దం మామూలుగా అర కిలోమీటరు దాకా మాట స్పష్టంగా వినిపించినా, రేకుల కప్పు మీద వాన పడుతుంటే సగం దూరం కూడా చేరదు. ఊరికి ఒక పెద్ద హారన్ కంటే మూడు దిక్కులా మూడు చిన్నవి మేలు. టముకు వేసే మనిషి వీధి వీధీ తిరిగేది ఈ లెక్క తెలిసే కాబోలు.

ఇతర చోట్ల ఏం తేలింది

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు హెచ్చరిక ముందే అందింది, తరలింపు బాగానే సాగింది. తుపాను దాటాక కరెంటు, మొబైల్ నెట్‌వర్క్ పడిపోయి నగరం మాట వినిపించకుండా పోయింది. హెచ్చరికకు చేసిన సన్నాహం ఆ తర్వాతి రోజులకు సరిపోలేదు.

బంగ్లాదేశ్ దీనికి భిన్నమైన దారి పట్టింది. 1970 తుపానులో లక్షల మంది చనిపోయాక, ఫోన్లు లేని కాలంలోనే తుపాను సన్నద్ధత కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఇప్పుడు దానిలో దాదాపు 76 వేల మంది స్వచ్ఛంద కార్యకర్తలున్నారు, సగం మంది మహిళలు. వారి పరికరాలు మెగాఫోను, చేతి సైరన్, ప్రమాద స్థాయిని బట్టి ఒకటి నుంచి మూడు జెండాలు, వైర్‌లెస్ సెట్. మొబైల్ వచ్చాక కూడా వాటిని తీసేయలేదు. మహిళా కార్యకర్తల సంఖ్య పెంచడానికి కారణం ఉంది: ఇంట్లో ఉన్న ఆడవారికి మగవారి ద్వారా వచ్చే కబురు ఆలస్యంగానో, సగమో చేరేది. తిరుపతి పల్లెల్లో పొదుపు సంఘాల వల ఇప్పటికే ఉంది, ఈ పనికి వాడుకోవడమే తరువాయి.

తప్పుడు హెచ్చరిక వేరే రకం నష్టం. 2018 జనవరి 13న అమెరికాలోని హవాయిలో క్షిపణి వస్తోందన్న సందేశం పొరపాటున ఫోన్లకు వెళ్లింది. అది తప్పని అదే దారిలో చెప్పడానికి 38 నిమిషాలు పట్టింది, ఉపసంహరణ సందేశం సిద్ధంగా లేకపోవడం అందుకు ఒక కారణం. చెరువు విషయంలోనూ ‘ప్రమాదం తప్పింది, ఇళ్లకు వెళ్లవచ్చు’ అన్న ప్రకటన లేకపోతే జనం తమ లెక్కన తామే తిరిగి వెళ్తారు, కొందరు మరీ ముందుగా. రంగుల హెచ్చరికలు రోజూ వచ్చి ఏమీ జరగకపోతే అసలు రోజున ఎవరూ పట్టించుకోరన్నదీ నిజమే. దానికి మందు హెచ్చరికలు తగ్గించడం కాదు, ప్రాంతాన్ని చిన్నదిగా గీయడం. మండలమంతటికీ పంపే సందేశం కంటే ఫలానా మొరవ కింది నాలుగు ఊళ్లకు పంపేదే నమ్మకం నిలుపుకుంటుంది.

అక్టోబరు లోపు

తిరుపతి, చిత్తూరుకు అసలు గండం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సెప్టెంబరు ఆఖరుకు ప్రతి సచివాలయంలో చూడాల్సినవి పెద్దవేమీ కావు. బ్యాటరీని చార్జి చేసి, మైకు తగిలించి రెండు గంటలు నడిపి వోల్టేజీ చూడాలి. 12 వోల్టుల కంటే దిగిపోతే మార్చాలి. చేతి రేడియోల్లో సెల్స్ తీసి విడిగా ఉంచాలి, లోపలే వదిలేస్తే కారి పరికరాన్ని తినేస్తాయి. చెరువు మొరవ గోడ మీద అడుగులవారీగా రంగు గీతలు వేయించాలి, అప్పుడు ‘నీళ్లు బాగా పోతున్నాయి’ అన్న మాట ‘రెండో గీత దాటింది’ అవుతుంది. కట్ట కింది ఇళ్లలో మంచం పట్టినవారు, చెవులు వినపడనివారు ఎవరో కాగితం మీద రాసి ఉండాలి, ఫోనులో మాత్రమే కాదు.

ఇంటి స్థాయిలో 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 5,000 ఎంఏహెచ్ ఫోనును రెండుసార్లు నింపుతుందని అనుకుంటారు. వోల్టేజీ మార్పిడిలో మూడో వంతు పోతుంది. ఒకసారి పూర్తిగా, రెండోసారి పాక్షికంగా నింపుతుందంతే. ఎఫ్ఎం రేడియో ఉన్న ఫోనైతే తీగ ఇయర్‌ఫోన్ కూడా దగ్గరుంచుకోవాలి, యాంటెన్నా అదే. టవర్ పోయాక డేటా లేకుండా వార్త వినిపించేది ఆ సదుపాయమే.

మాక్ డ్రిల్ విషయంలో ఒక్క మార్పు చాలు. మామూలుగా కరెంటున్నప్పుడు, పగటిపూట, ముందే చెప్పి చేస్తారు. అన్నీ పనిచేస్తాయి. ఒకసారి రాత్రి ఎనిమిదికి సచివాలయం మెయిన్ స్విచ్ ఆపి, సిబ్బంది ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టించి, కట్ట మీది మనిషి చెప్పిన మాట చివరి వీధి చివరి ఇంటికి ఎన్ని నిమిషాల్లో చేరిందో గడియారం పట్టుకుని చూడాలి. గుడి తాళం ఎవరి దగ్గరుందో తెలియక మైకు దగ్గరే పావుగంట పోతే, ఆ తాళం రెండో చెవి సచివాలయంలో పెట్టించడం మర్నాటి మొదటి పని.